పది అంకెలున్నదాన్ని అంకె అనొచ్చా?

సందేహం: పిల్లల కోసం 3816547290 గురించి రాస్తూ "ఈ అంకె చాలా విచిత్రమైంది" అన్నానండీ. అంకె కాదు, సంఖ్య అనాలని ఒకరు దిద్దారు. రెండూ ఒకటే కదా? ఇంకోటి, దీన్ని అక్షరాల్లో రాయాలంటే "ఎనభై ఒకటి కోట్లు" అనాలా, "ఎనభై ఒక్క కోట్లు" అనాలా?

సమాధానం: దిద్దినవాళ్ల మాటే కరెక్టండీ, ముఖ్యంగా ఈ సంఖ్య విషయంలో. మామూలు మాటల్లో "అబ్బో, అంత పెద్ద అంకే!" అనేస్తాం, అది వాడుకలో ఉన్నదే, తప్పని నేననను. కానీ లెక్కల్లోకి వచ్చేసరికి అంకె అంటే 0 నుంచి 9 దాకా ఉన్న పది గుర్తుల్లో ఒకటి, వాటిని పక్కపక్కన పేరిస్తే వచ్చేది సంఖ్య. 7 అంకే, సంఖ్యా కూడా, 3816547290 మాత్రం సంఖ్యే.

ఇక్కడ ఆ తేడా ఎందుకు పట్టుకోవాలంటే దీని గొప్పదనమంతా అంకెల వరసలోనే ఉంది. పది అంకెలూ ఒక్కోసారే వచ్చాయి, పైగా ఎడమ నుంచి మొదటి రెండంకెల సంఖ్య 38 రెండుతో పోతుంది, 381 మూడుతో, 3816 నాలుగుతో, 38165 ఐదుతో, అలా చివరికి మొత్తం సంఖ్య 10తో శేషం లేకుండా పోతుంది. పది అంకెల్నీ ఒక్కోసారే వాడి ఇలా పేర్చగలిగే సంఖ్య ఇదొక్కటే! (ఎడమ నుంచి అని పిల్లలకి తప్పకుండా చెప్పండి, "అంకానాం వామతో గతిః" (అంకెల నడక ఎడమకి) అని భూతసంఖ్యల్లో, అంటే అంకెల బదులు మాటలతో సంఖ్యని చెప్పే పాత పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకి పోతారు, ఆ పద్ధతిలో చూస్తే మొదటి అంకె 0 అయిపోతుంది.)

ఒక్కటే ఎందుకో కూడా చూపించండి, నాకైతే అదే అసలు అందం. 10తో పోవాలి కాబట్టి చివర 0, సున్నా అక్కడ అయిపోయింది కాబట్టి ఐదో స్థానంలో 5 తప్ప ఇంకోటి కుదరదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే రావాలి, అంటే మిగతాచోట్ల బేసి అంకెలే. మూడో అంకె బేసి కాబట్టి 4తో పోవాలంటే నాలుగో అంకె 2 గానీ 6 గానీ అవ్వాలి, 8తో పోవడానికి ఎనిమిదో అంకెకీ అదే గతి. మొదటి మూడంకెలు 3తో, మొదటి ఆరు 6తో పోవాలి కాబట్టి మధ్యలో నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో ఉన్న మూడంకెల మొత్తం కూడా 3తో పోవాలి, అంటే అక్కడ 258 లేదా 654 అంతే. ఇవన్నీ కలిపి చూస్తే పది సంఖ్యలే మిగుల్తాయి, 9 గురించి బెంగే లేదు, మొదటి తొమ్మిది అంకెల మొత్తం ఎలా పేర్చినా 45. ఇక 7 ఒక్కటే పరీక్ష, అందులో నెగ్గేది ఇదొక్కటే: 3816547 అంటే 7 సార్లు 545221.

ఇక రెండోది. "ఎనభై ఒక్క" అనే అనాలి, తర్వాత కోటి, లక్ష లాంటి మాట వస్తే ఒకటి కాస్తా ఒక్క అవుతుంది. తర్వాత ఇంకా సంఖ్య ఉంటే "కోట్లు" కూడా "కోట్ల" అవుతుంది, లక్షలు, వేలు, వందలు కూడా అంతే. అంటే మొత్తం ఇలా: మూడు వందల ఎనభై ఒక్క కోట్ల అరవై ఐదు లక్షల నలభై ఏడు వేల రెండు వందల తొంభై. అదే చివర 0 బదులు 1 ఉంటే "తొంభై ఒకటి" అనే రాయండి, దాని వెనక ఇంకే మాటా లేదు కాబట్టి.