కిరాతుడు, కిరాతకం

సందేహం: "అతి కిరాతకంగా చంపారు" అని పేపర్లలో, టీవీల్లో రోజూ వస్తోంది. కిరాతుడంటే వేటగాడు కదా, ఇందులోకి క్రూరత్వం ఎలా వచ్చింది? నా దగ్గర తెలుగు నేర్చుకునే పిల్లల్లో సవర గిరిజనుల పిల్లలూ ఉన్నారు. వాళ్లలో ఒకడు వ్యాసంలో ఈ మాటే రాశాడు. తప్పని కొట్టెయ్యాలా?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

సమాధానం: కిరాతుడికి 'క' చేరి కిరాతకుడయ్యాడు, అతని పని కిరాతకమైంది. ఆ నడక మీకు తెలిసిందే. మీరడిగిన క్రూరత్వం మాత్రం ఆ మాటకు పుట్టుకతో లేదు.

సంస్కృత నిఘంటువు అమరకోశం "భేదాః కిరాతశబరపులిందా మ్లేచ్ఛజాతయః" అంటుంది, అంటే కిరాతులు, శబరులు, పులిందులు మ్లేచ్ఛ జాతుల్లో రకాలని. కిరాతుడి పక్కనే శబరుడున్నాడు చూడండి. శబరులంటే మీ గుణుపురం కొండల్లోని సవరలే. మ్లేచ్ఛులన్నారని మనం దూరం జరిగే వీలు కూడా లేదు. విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతిని ఐతరేయ బ్రాహ్మణం వరసగా చెబుతుంది: ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు. అందరికంటే ముందు మన పేరే! మనుస్మృతిలోనైతే ఓఢ్రులు (ఒడియావాళ్లు), ద్రవిడులు, కిరాతులు ఒకే జాబితాలో ఉన్నారు. సరిహద్దుకు ఈ పక్కవాళ్లూ ఆ పక్కవాళ్లూ కూడా వచ్చేశారన్నమాట.

'కిరం' అంటే పర్యంతభూమి, అంటే పొలిమేర నేల, అక్కడ తిరిగేవాడు కిరాతుడు అని సంస్కృత పండితులు వ్యుత్పత్తి చెప్పారు. మాట ముందుండగా తర్వాత అతికించిన వ్యుత్పత్తి కావచ్చు, దాని మీద నేను పట్టుబట్టను. కానీ అందులోనూ హింస ఊసు లేదు.

ఇక కావ్యాలకు వస్తే, శ్రీనాథుడి హరవిలాసంలో కిరాతార్జునీయ ఘట్టం నాకు ప్రాణం. సాక్షాత్తు శివుడే కిరాతుడి వేషం కట్టాడు. ఈ కథ మూలభారతంలో ఎలా ఉందో ఒకసారి చదవండి. పంది మీదికి అర్జునుడు బాణం ఎక్కుపెట్టగానే కిరాతుడు ఆపుతాడు, దీన్ని ముందు గురిచూసింది నేనంటాడు. అర్జునుడు ఆ మాట లెక్కచెయ్యకుండా కొడతాడు. పైగా, నువ్వు వేటధర్మం తప్పావని తిరిగి కిరాతుణ్ణే నిందిస్తాడు. ధర్మం చెప్పినవాడు కిరాతుడు, పెడచెవిన పెట్టినవాడు రాజకుమారుడు. చివరికి అర్జునుడికి పాశుపతాస్త్రం దొరికింది కూడా ఆ కిరాతుడి చేతిమీదుగానే. ఇంత కథ పెట్టుకుని, గొంతు కోసిన ప్రతివాడికీ ఆ పేరు తగిలించడానికి మనకు మనసెలా ఒప్పుతోంది?

మా పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకున్నారు, వాళ్లకు బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయన పేరు రోజూ తలుచుకునే పత్రికలవాళ్లు మాటల ఎంపికలో ఆయన చూపు కాస్త అలవరచుకుంటే బాగుండును. ఆస్తి తగాదాలో అన్నను తమ్ముడు చంపితే అందులో కిరాతుల ప్రమేయం ఏముంది? ఆ 'అతి' ఒకటి మళ్లీ! రోజూ వాడి వాడి మాటకు పదును పోయింది, అందుకే దానికి 'అతి' ఊతం కావలసి వస్తోంది.

క్రూరమైన పనిని 'ఆటవికం' అనడంలోనూ ఇదే గొడవ. పాశవికంలో పశువుకు అన్యాయం జరుగుతోంది. కిరాటుడు వేరే మాట, వర్తకుడని అర్థం, దీంతో కలపకండి.

కిరాతకం తప్పు మాటా అంటే, వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి తప్పనడానికి నాకు నోరు రాదు. ఒప్పని రాయడానికి కలమూ సాగదు. నేనైతే దారుణంగా, ఘోరంగా, కర్కశంగా అంటాను. మీ పిల్లవాడి మార్కులు తగ్గించకండి. ఆ మాట పక్కన పెన్సిలుతో 'దారుణంగా' అని రాసి, అర్జునుడి కథ ఒకసారి చెప్పండి.