పిల్లికి షుగర్ అన్నారు, ఇంట్లో ఇన్సులిన్ ఎలా ఇవ్వాలి?

ఈ మధ్య ఇక్కడ అమెరికాలో మన తెలుగు వాళ్ళిళ్ళల్లో పిల్లులు బాగా ఎక్కువయ్యాయి, షెల్టర్ నుంచి కాస్త వయసు మళ్ళిన పిల్లిని తెచ్చుకున్నవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు. ఏడాదో రెండేళ్ళో బానే ఉంటుంది, తర్వాత ఒకరోజు వెట్ దగ్గరికి తీసుకెళ్తే డయాబెటిస్ అని చెప్పి ఇన్సులిన్ చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు, అక్కణ్ణుంచి మొదలు ఫోన్లు, "అక్కా, రోజుకి రెండు సూదులంట, మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం, మావల్ల అవుతుందా, దీన్ని తిరిగి ఇచ్చేయమంటారా" అని. ఇచ్చేయకండి, మీవల్ల అవుతుంది. మా మగపిల్లికి పదేళ్ళప్పుడు వచ్చింది, పొద్దున సాయంత్రం సూది నేనే వేస్తున్నా, అది తింటూ ఉంటుంది, వేసిన సంగతి కూడా పట్టించుకోదు.

సూదికి భయపడక్కర్లేదు, భయపడాల్సినవి వేరే రెండున్నాయి, ఒకటి షుగర్ పడిపోవడం, రెండోది సిరంజిలు తారుమారు అవ్వడం. మనలో చాలామందికి ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటుంది కదా, అందుకని ఇదంతా మనకి తెలిసిందేలే అనుకుంటాం, పిల్లి దగ్గర ఆ తెలిసిందే మనల్ని ముంచుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఎలా గుర్తుపట్టాలంటే, నీళ్ళు తెగ తాగుతుంది, లిట్టర్ బాక్స్‌లో ఇంతింత ముద్దలు కనపడతాయి, ఎంత పెట్టినా ఆకలంటూ వెంటపడుతుంది కానీ బరువు మాత్రం తగ్గిపోతుంది. కొన్నిటికి వెనక కాళ్ళు మడమల దాకా నేలకానించి నడవడం మొదలవుతుంది, అది ముసలితనం కాదు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న లక్షణం, షుగర్ అదుపులోకొస్తే చాలావాటికి మెల్లగా మెరుగవుతుంది. లావుగా ఉన్నవి, ఇంట్లోంచి కదలనివి, ఆపరేషన్ అయిన మగపిల్లులు, ఉబ్బసానికో దురదకో స్టెరాయిడ్ వాడుతున్నవి, వీటికి ఎక్కువ వస్తుంది. ఒక మాట గుర్తుంచుకోండి, క్లినిక్‌లో కంగారుకే పిల్లి షుగర్ 300 దాటిపోగలదు, అందుకని ఒక్క రక్తపు చుక్క చూసి డయాబెటిస్ అని తేల్చరు, మూత్రంలో షుగర్ చూస్తారు, ఫ్రక్టోజమీన్ అనే టెస్ట్ చేస్తారు, అది గడిచిన రెండు మూడు వారాల సగటు చెప్తుంది. మీ డాక్టర్ ఆ టెస్ట్ చెయ్యకపోతే మొహమాటపడకుండా అడగండి.

ఇప్పుడు అసలు విషయం, సిరంజిలు. ఇది రెండుసార్లు చదవండి. అమెరికాలో పిల్లులకి మామూలుగా రాసే ఇన్సులిన్లు మూడు, లాంటస్ అనే గ్లార్జీన్, ప్రోజింక్, వెట్‌సులిన్. లాంటస్ మనుషులదే, మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు ఉంటుంది. ప్రోజింక్, వెట్‌సులిన్ జంతువుల కోసం చేసినవి, మిల్లీలీటర్‌కి 40 యూనిట్లే. దేనికి దాని సిరంజే వాడాలి, 100 దానికి యు-100 సిరంజి, 40 దానికి యు-40 సిరంజి. తారుమారైతే ఏమవుతుందో చూడండి, లాంటస్‌ని యు-40 సిరంజిలో ఒక్క యూనిట్ గీత దాకా లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర యూనిట్లు. నాలుగైదు కిలోల పిల్లికి చాలాసార్లు ఒక్క యూనిట్‌తోనే మొదలుపెడతారు, దానికి రెండున్నర రెట్లు పడితే ఆ రాత్రే ప్రాణం మీదికి రావచ్చు.

ఇది మనవాళ్ళకి మరీ ఎక్కువ ఎందుకు చెప్తున్నానంటే, ఇండియాలో మందుల షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాలు ఇప్పటికీ చాలావరకు 40 యూనిట్లవే, దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది, ఇక్కడి 100 వాటికి ఆరెంజ్ మూత. అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు మందులన్నీ అక్కణ్ణుంచే తెచ్చుకుంటారు కదా, ఫ్రిజ్ తలుపులో నాన్నగారి సీసా, పక్కనే పిల్లి సీసా, డ్రాయర్‌లో రెండు రకాల సిరంజిలు, మీరు ఆఫీసులో ఇరుక్కుపోతే పాపం సాయం చేద్దామని అత్తయ్యగారే పిల్లికి సూది వేస్తారు. వాళ్ళ సూదులు చాలా ఏళ్ళుగా వాళ్ళే వేసుకుంటున్నారు కాబట్టి వాళ్ళకి అనుమానం కూడా రాదు. అందుకే పిల్లివన్నీ ఒక వేరే డబ్బాలో పెట్టి పైన తెలుగులో పెద్దక్షరాలతో పిల్లి మందు అని రాయండి, పెద్దవాళ్ళ సిరంజిలు వేరే గదిలో ఉంచండి. సిరంజి కొనేటప్పుడు 0.3 మిల్లీలీటర్లది, అర యూనిట్ గీతలున్నది అడగండి, పిల్లికి అర యూనిట్ కూడా పెద్ద తేడానే.

సీసా సంగతి కూడా చెప్పేస్తా. ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టకూడదు, గడ్డకడితే పారెయ్యడమే. లాంటస్ నీళ్ళలా తేటగా ఉంటుంది, ఊపక్కర్లేదు, మసకగా కనపడితే వాడొద్దు. ప్రోజింక్‌ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. వెట్‌సులిన్ మాత్రం పాలలా అంతా ఒకేలా కలిసేదాకా బాగా ఊపాలని దాని మీదే రాసుంటుంది. మందు మారితే పద్ధతి కూడా మారుతుందన్నమాట, ఫ్రెండ్ చెప్పింది మీ సీసాకి పనికిరాకపోవచ్చు.

సూది వెయ్యడం నిజంగా తేలికే, భుజాల దగ్గరో పక్కటెముకల మీదో చర్మాన్ని గుడారంలా పైకి లేపి కింద ఏర్పడ్డ ఖాళీలోకి గుచ్చి నొక్కడమే, సూది వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. మొదటిసారి క్లినిక్‌లో టెక్నీషియన్ ముందు సెలైన్ నీళ్ళతో మీ చేత వేయించమని అడగండి. తర్వాత ఆ చోట వేలితో తడిమి చూడండి, బొచ్చు తడిగా ఉంటే మందు బయటకి పోయినట్టు. అలా పోయినా, పడిందో లేదో అనుమానం వచ్చినా, ఇంకో సూది మాత్రం వెయ్యొద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వెయ్యొద్దు, తర్వాతి టైం దాకా ఆగండి. పన్నెండు గంటలు షుగర్ ఎక్కువుంటే పిల్లికి ఏమీ కాదు, రెండు డోసులు పడితే అవుతుంది. భార్యాభర్తలిద్దరూ వేసే ఇల్లయితే ఫ్రిజ్ మీద కాగితం అంటించి వేసినవాళ్ళు వెంటనే టిక్ పెట్టాలి, నువ్వు వేశావా అంటే నువ్వు వేశావనుకున్నా అనే మాట ఇక్కడ ఉండకూడదు.

ఇంట్లో షుగర్ చూడటం నేర్చుకోండి, ఇది నా గట్టి అభిప్రాయం, క్లినిక్‌లో చూసిన నంబర్‌లో కంగారు కలిసుంటుంది, ఇంట్లో నంబరే నిజం. చెవి అంచు మీద రక్తం తీస్తారు, ముందు గోరువెచ్చని గుడ్డతో చెవి వెచ్చబెడితే చుక్క తేలిగ్గా వస్తుంది, వెనక దూది పెట్టి గుచ్చితే మీ వేలికి తగలదు, అయ్యాక తప్పకుండా ఏదైనా తినడానికి పెట్టండి, కొన్నాళ్ళకి అదే వచ్చి కూర్చుంటుంది. నాన్నగారి మీటర్ వాడొచ్చా అని అడుగుతారు, వాడేవాళ్ళున్నారు కానీ మనుషుల మీటర్ పిల్లి రక్తంలో సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటర్ దానికి తగ్గట్టు చేసినది. ఏదైనా ఒక్కటే పట్టుకోండి, ఏది వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి. గుచ్చడం అస్సలు కుదరకపోతే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ అంటించే డాక్టర్లున్నారు, బొచ్చు గొరిగి చర్మానికి పెడతారు, కొన్నిరోజుల నంబర్లు ఫోన్‌లో వస్తాయి. ఇంకోటి, కెనడా, యూకే, ఆస్ట్రేలియాలో ఉన్న చుట్టాలు 15 వచ్చింది 8 వచ్చింది అంటే కంగారుపడకండి, వాళ్ళది మిల్లీమోల్ లెక్క, 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్కలోకొస్తుంది.

నంబర్ల దగ్గర మనుషుల లెక్క పక్కన పెట్టెయ్యండి. నాన్నగారికి పరగడుపున 110 రావాలని పట్టుబట్టినట్టు పిల్లికి పట్టుబట్టకూడదు. రోజులో ఎక్కువసేపు 300 లోపు తిరుగుతూ, ఇన్సులిన్ గట్టిగా పనిచేసే టైంలో 80 నుంచి 150 మధ్యకి దిగి, నీళ్ళు మామూలుగా తాగుతూ, బరువు నిలబడితే చాలా బాగున్నట్టే. సూదికి ముందు చూస్తే 200 కంటే తక్కువుందా, కొత్తవాళ్ళయితే సూది ఆపి ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. తినలేదా, కక్కిందా, అప్పుడూ అంతే. 350 వచ్చింది కదా అని ఒక యూనిట్ మీరే పెంచడం ఉండకూడదు, డోసు డాక్టర్ మారుస్తారు, అది కూడా కొన్ని రోజులు చూసి, రెండేసి గంటలకి ఒకసారి రోజంతా చూసిన లెక్క ముందు పెట్టుకుని.

షుగర్ పడిపోతే ఇలా ఉంటుంది, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, లేదా మత్తుగా ఎటో చూస్తుండటం, తూలుతూ నడవడం, వణుకు, ముదిరితే ఫిట్స్. 60 కంటే తగ్గితే ఎమర్జెన్సీ. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి, తినలేకపోతే కార్న్ సిరప్ గానీ తేనె గానీ వేలితో చిగుళ్ళకి రాయండి, గొంతులో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఫిట్స్‌లో ఉంటే మీ వేలు పళ్ళ మధ్య పెట్టకండి. రాసి, కాస్త తేరుకున్నా సరే కారెక్కించండి, ఇన్సులిన్ ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది, మళ్ళీ పడుతుంది. మీ ఊళ్ళో రాత్రిపూట తెరిచుండే ఎమర్జెన్సీ వెట్ ఎక్కడుందో ఈరోజే చూసి నంబర్ ఫ్రిజ్ మీద రాసిపెట్టండి. దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది, షుగర్ చాలా రోజులు ఎక్కువుండి తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీరసంగా పడుంటే రక్తంలో కీటోన్లు, అంటే ఒళ్ళు షుగర్ వాడుకోలేక కొవ్వు కరిగిస్తే వచ్చే ఆమ్లాలు, పెరిగాయేమో, అదీ ఆసుపత్రి పనే, మూత్రంలో కీటోన్ చూసే స్ట్రిప్స్ ఏ ఫార్మసీలో అయినా దొరుకుతాయి.

తిండి. పాలన్నం, పెరుగన్నం పెట్టే అలవాటు మనది, ఊళ్ళో పిల్లులన్నీ అలాగే పెరిగాయి, నిజమే, కానీ షుగర్ పిల్లికి అన్నం వద్దు, పాలు వద్దు. డ్రై ఫుడ్‌లో పిండిపదార్థం ఎక్కువ, కార్బ్స్ తక్కువ మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తడి తిండి మంచిది. మన కూరలోంచి చికెన్ ముక్క తీసి కడిగి పెట్టడం కూడా వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఇక్కడో మెలిక ఉంది, ఇన్సులిన్ వాడుతూ డాక్టర్‌కి చెప్పకుండా తిండి మార్చేస్తే, కార్బ్స్ తగ్గి పాత డోసే ఎక్కువైపోయి షుగర్ పడిపోతుంది. తిండి, డోసు రెండూ కలిపి మార్చాలి. ఇలా మొదట్లోనే గట్టిగా పట్టుకుంటే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది, రెమిషన్ అంటారు, మనుషుల కంటే పిల్లుల్లో ఈ ఆశ ఎక్కువ, కాబట్టి రేపు చూద్దాం అనుకోకండి.

అమ్మ దగ్గరున్న మెట్‌ఫార్మిన్ మాత్రో గ్లిమిపిరైడో ముక్క చేసి వెయ్యడం, మెంతిపొడి, కాకర రసం, ఇవేవీ చెయ్యకండి, అడిగారు కాబట్టి చెప్తున్నా. నోటితో ఇచ్చే మందులు ఇప్పుడు పిల్లులకే ప్రత్యేకంగా వచ్చాయి, బెక్సాక్యాట్ మాత్రకి ఇక్కడ మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022 డిసెంబర్‌లో, సెన్వెల్గో ద్రవానికి 2023 ఆగస్ట్‌లో అనుమతిచ్చింది, కానీ అవి అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే, షుగర్ మామూలుగా కనపడుతూనే కీటోన్లు పెరిగే ప్రమాదం వాటితో ఉంది, కాబట్టి ఇన్సులిన్ మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం ఇది.

ఖర్చుకి భయపడి చీటీ లేకుండా దొరికే చవక ఇన్సులిన్ కొనకండి, ఎన్‌పీహెచ్ రకం పిల్లిలో త్వరగా అయిపోతుంది, రోజంతా నిలవదు. లాంటస్ లిస్ట్ ధర 2024 జనవరి నుంచి 78 శాతం తగ్గింది, డాక్టర్‌ని చీటీ రాసివ్వమని మామూలు మనుషుల ఫార్మసీల్లో నాలుగుచోట్ల ధర అడగండి, చాలా తేడా ఉంటుంది. పెట్ ఇన్సూరెన్స్ జబ్బు బయటపడ్డాక తీసుకుంటే దానికి కవర్ అవ్వదు, కొత్తగా పిల్లిని తెచ్చుకునేవాళ్ళు మాత్రం ముందే ఆలోచించండి.

టైం మీ ఉద్యోగాలకి కుదిరేది పెట్టుకోండి, ఏడు, ఏడు అనుకోండి, అరగంట అటూ ఇటూ ఫరవాలేదు. శనివారం పుట్టినరోజు పార్టీలుంటాయి, సూది వేసి బయల్దేరొచ్చు, తిన్నాక. ఇండియా ట్రిప్‌కి మాత్రం మూడు నెలల ముందే చూసుకోవాలి, పక్కింటివాళ్ళకి తాళాలిచ్చి గిన్నెలో తిండి పొయ్యమంటే సరిపోదు, మీ క్లినిక్‌లో పనిచేసే టెక్నీషియన్లు చాలామంది ఇళ్ళకొచ్చి సూది వేస్తారు, డబ్బు తీసుకుంటారు, కానీ షుగర్ పడిపోతే గుర్తుపట్టేది వాళ్ళే. వాడిన సూదులు చెత్తబుట్టలో వదిలెయ్యకండి, షార్ప్స్ డబ్బా గానీ లాండ్రీ లిక్విడ్ గట్టి ప్లాస్టిక్ డబ్బా గానీ వాడి మూత బిగించండి, నిండాక ఎక్కడ ఇవ్వాలో రాష్ట్రానికో రూల్, కాలిఫోర్నియాలో అయితే ఇంటి చెత్తలో వెయ్యడం చట్టవిరుద్ధం, కౌంటీ వెబ్‌సైట్‌లో చూస్తే ఎక్కడ తీసుకుంటారో ఉంటుంది.