పాఠకుల ప్రశ్నలు: జనవరి ర్యాలీలు ముగిశాక

ప్రశ్న: మా ఊరు వెల్దుర్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. ఏటా జనవరిలో రోడ్డు భద్రతపై విద్యార్థుల చేత ర్యాలీలు తీయిస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికి అంతా మామూలే. ప్రభుత్వం చేసే ఈ ప్రచారం వల్ల ప్రయోజనం ఉందంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ప్రచారాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయాలని పల్లెల్లో పిల్లలకు సైతం తెలుసు. అయితే 2005లో ఆ సేవ మొదలైన నాటి నుంచి ఫోన్ చేస్తే బండి వస్తుందన్న నమ్మకం కుదిరింది కాబట్టే ఆ మాట జనంలో నిలిచింది. హెల్మెట్ సంగతి అలా కాలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ దానిని తప్పనిసరి చేసింది, 2019 సవరణ వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలపాటు లైసెన్సుపై అనర్హతను కూడా చేర్చింది. అయినా మన దగ్గర చాలామందికి హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీదనే ఉంటుంది, పోలీసులు కనబడితేనే తలకెక్కుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 50 వేల మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు, వారి వెనుక కూర్చున్నవారు.

ఇక ముఖ్యమైన విషయానికి వస్తాను. రహదారికి అవతలి వైపున ఉన్న పొలానికి వెళ్లాల్సిన రైతు, అండర్‌పాస్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, డివైడర్ సందులోంచి బండిని దాటిస్తాడు, లేదా రాంగ్ రూటులో వెళతాడు. అది ప్రమాదమని అతనికి తెలియక కాదు. అక్కడ కావలసింది సర్వీసు రోడ్డు, వీధి దీపాలు; బ్యానరు కాదు. ఆ పని చేయించవలసిన వ్యవస్థ మోటారు వాహనాల చట్టంలోనే ఉంది: 215వ సెక్షన్ కింద ఏర్పడే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరు అధ్యక్షత వహిస్తారు, పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖల అధికారులు సభ్యులుగా ఉంటారు. సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది మరణించినా జాతీయ రహదారులపై ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. నా దృష్టిలో ప్రభుత్వ నాయకత్వాన్ని కొలవవలసింది ఎన్ని ర్యాలీలు తీశారన్నదానితో కాదు, అలాంటి చోట్లలో ఎన్నింటిని సరిచేశారన్నదానితో.

2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు చనిపోయిన తరువాత బస్సుల తనిఖీలు ముమ్మరంగా సాగాయి. అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో చూడడానికి ఘోరం జరిగేదాకా ఆగనక్కరలేదు.

మీరు సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, మీ ఊరి దగ్గర ప్రమాదకరమైన చోటును కిలోమీటరు రాయి సంఖ్యతో సహా పేర్కొని అర్జీ ఇవ్వండి. భద్రతా కమిటీ సమావేశాల తీర్మానాల ప్రతులను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు; 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రశ్న: గాయపడినవారిని ఆసుపత్రిలో చేరిస్తే కోర్టుల చుట్టూ తిరగాలని మా ఇంట్లో భయపడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: భయపడనక్కరలేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పిస్తోంది. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు, సాక్షిగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. తీవ్రంగా గాయపడినవారిని సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి ఇచ్చే కేంద్ర పారితోషికాన్ని 2025లో 5,000 నుంచి 25,000 రూపాయలకు పెంచారు. అదే ఏడాది మే నుంచి అమలులోకి వచ్చిన పథకం కింద బాధితునికి లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజులపాటు నగదు రహిత చికిత్స లభిస్తుంది. సాయపడినవారికి ఉన్న హక్కులను స్థానిక భాషలో కూడా ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గర ప్రదర్శించాలని నిబంధన ఉన్నది. మీకు తెలిసిన ఆసుపత్రిలో అలాంటి బోర్డు కనిపించకపోతే, ఆ సంగతిని కూడా జిల్లా కమిటీకి రాయండి.