చెయ్యిచ్చిన స్నేహితుడు

తమ్ముడూ,

నీ కథ అందింది. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని ఒక్క విడతలో చదివాను. నువ్వు ఏడిపించాలనుకున్న చోట నాకు నవ్వొచ్చింది. "నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడొక్కడే నాకు చెయ్యిచ్చాడు" అని రాసి, తర్వాత రెండు పేజీలు వాడికి దండాలు పెట్టించావు. చెయ్యిచ్చినవాడికి దండాలెందుకయ్యా?

చేయందించాడంటే ఆదుకున్నాడు. చెయ్యిచ్చాడంటే నమ్మించి ముంచాడు. ఓ చెయ్యి వేశాడంటే బియ్యం బస్తా ఎత్తడానికి సాయం పట్టాడు. చెయ్యి చేసుకున్నాడంటే కొట్టాడు. అన్నిట్లో ఉన్నది ఆ చెయ్యే, పక్కన చేరిన క్రియే దాని బుద్ధి మార్చేస్తుంది. నువ్వు ఇంగ్లీషులో అనుకుని తెలుగులోకి దించావని ఆ ఒక్క మాట దగ్గర దొరికిపోయావు.

నేనూ దొరికాను. కొత్తగా రాసే రోజుల్లో మా వీధి దర్జీ మీద చిన్న వ్యాసం రాస్తూ "మంచి చేతివాటం ఉన్న మనిషి" అన్నాను. పనితనం అని నా ఉద్దేశం. ఆయన చదివించుకుని, "నీ గుడ్డలో ముక్క ఎప్పుడైనా మిగుల్చుకున్నానా?" అని అడిగాడు. 'చేయి తిరిగిన' అని రాసి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఆర్నెల్లు నా చొక్కాలకు చేతులు పొట్టిగానే వచ్చాయి. (చూశావా, చొక్కాకీ చేతులే.)

ఈ మాటలో నాకు మరీ ఇష్టమైన సంగతి వేరే ఉంది. తమిళంలో చెయ్యిని 'కై' అంటారు, చేయమనడానికి 'సెయ్' అంటారు. రెండూ విడివిడిగా వినిపిస్తాయి. మన కైదండ, కైమోడ్పుల్లోనూ ఆ 'కై' ఉంది. కానీ వాడుకలో మనకు అవయవమూ చెయ్యే, ఆజ్ఞా చెయ్యే. "చెయ్యి" అని ఒక్క మాట అని ఊరుకుంటే, చూపించాలో పని మొదలెట్టాలో ఎదుటివాడికి తెలియదు. బళ్లో వల్లించిన తృతీయా విభక్తి గుర్తుందా, చేతన్, చేన్, తోడన్, తోన్? "వాడిచేత చేయించాను" అన్నప్పుడు ఆ 'చేత' బతికే ఉంటుంది. "వానిచేత చేయబడినది" అన్నప్పుడు కొయ్యబారిపోతుంది. నీ కథలో అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. కొట్టెయ్.

మా పక్కింటి పెద్దమ్మ ఒంట్లో బాగోకపోతే "పొద్దటిసంది శాతనైతలేదు బిడ్డా" అంటుంది. 'చేతనవడం'లోని 'చేత' జబ్బు చెప్పే మాటగా మారిన తీరు ఆమె గొంతులో వినాలి. నీ కథలో అమ్మమ్మది మెదక్ అన్నావు, మాట మాత్రం పాఠ్యపుస్తకంలా ఉంది. ఓ సాయంత్రం లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు ఊరికే నిలబడు. పొద్దస్తమానం చేతులతోనే పని, చేతుల గురించే మాటలు. వాళ్లు వాడే క్రియలు రాసుకో. నామవాచకాల జోలికి పోకు, అవి నీకు వచ్చు.

ఇంకొకటి తోచింది. ఆ వాక్యాన్ని అలాగే ఉంచి కథనే మారిస్తే? నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడు నిజంగానే చెయ్యిచ్చాడనుకో. నాకైతే ఆ కథే చదవాలనుంది. ఆదివారం వచ్చేటప్పుడు రాసుకురా. మొన్న చేబదులుగా పట్టుకెళ్లిన రెండొందలు కూడా.

మీ అన్న