ఫ్రిజ్ ఆన్ కాంగనే ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంటే

బండిల బ్యాటరీ 12.7 వోల్టులు మంచిగనే చూపిస్తున్నా, ఫ్రిజ్ పెట్టంగనే ఇన్వర్టర్ ఎందుకు ఆగుతుందని అడిగినవు కదా. సన్న వైరే కారణం అన్నా. నువ్వు చూసిన 12.7 వోల్టులు బ్యాటరీ దగ్గరివి. ఫ్రిజ్ మోటారు ఎత్తుకునే క్షణంలో నీ 1000 వాట్ల ఇన్వర్టర్ 80 ఆంపియర్ల దాకా గుంజుతది. 6 చదరపు మి.మీ. వైరు 4 మీటర్లు పోయి, 4 మీటర్లు తిరిగి రావాలె. అందులోనే 2 వోల్టులు పోతయి. ఆ లోడుకు బ్యాటరీ కూడా కొంచెం పడుతది. ఇగ ఇన్వర్టర్ దగ్గర 10.5 వోల్టులకు దిగంగనే అది కట్.

అందరూ మరిచేది: వోల్టులు చూసే మీటరు ఇన్వర్టర్ టెర్మినళ్ల (బ్యాటరీ వైర్లు బిగించే చోటు) మీదనే పెట్టి ఫ్రిజ్ ఆన్ చేయాలె. మీటరు మీది మిన్-మ్యాక్స్ బటన్ (అన్నిటికంటే తక్కువ, ఎక్కువ రీడింగులు పట్టి ఉంచేది) నొక్కు, లేకుంటే ఆ పడుడు కంటికి దొరకదు.

1. ఇన్వర్టర్‌ను బ్యాటరీకి ఒక మీటరు దూరం లోపలికి జరుపు.
2. 35 చదరపు మి.మీ. రాగి వైరు, కొసలకు క్రింప్ చేసిన (గట్టిగ నొక్కి బిగించిన) లగ్గులు.
3. నెగెటివ్ వైరును ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రం) బిగిస్తే, మెరిసే ఇనుము కనిపించేదాకా పెయింట్ గీకు.
4. బ్యాటరీ ప్లస్ పక్కనే 125 ఆంపియర్ల ఫ్యూజు. ఇది మాత్రం అసలు వదలకు.

నల్లగొండ మే ఎండల బండి రేకు బాడీ కొలిమే. ఫ్రిజ్ వెనుక నాలుగు వేళ్ల సందు ఉంచు, వేడెక్కిన కంప్రెసర్ ఇంకా ఎక్కువ గుంజుతది.