పన్నెండింటికి మార్కెట్ మూస్తే కాయ ఆగుతుందా?

తోట రైతుల ప్రశ్నలు - జవాబులు (మే 2021)

కోవిడ్ వల్ల 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ పెట్టారు. ఉదయం ఆరింటి నుంచి పన్నెండు దాకానే అమ్మకాలు, కొనుగోళ్లు జరిగేవి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డప్పుడు కాయ రోడ్డున పారబోసుకున్న రైతులకు ఈ ఏడూ సరిగ్గా కోతల వేళకే కష్టం వచ్చింది. ఈ నెల ప్రశ్నలన్నీ దాదాపు కృష్ణా, గుంటూరు జిల్లాలవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర. ఆరెకరాల బంగినపల్లి తోట. ఉత్తరాది లారీలు సరిగా రావడం లేదని, వారం ఆగి తెమ్మని విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌లో అంటున్నారు. కాయ చెట్టు మీదే ఉంచితే నష్టమా? గుంటూరులో తెలిసినవాళ్లకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అందులో పెట్టవచ్చా?

జవాబు: ముందు కోల్డ్ స్టోరేజీ సంగతి. వద్దు. మిర్చి నిల్వకు గదిని పది డిగ్రీల లోపే ఉంచుతారు. పచ్చి మామిడికి 12, 13 డిగ్రీలు కావాలి. అంతకు మించి చలి తగిలిన కాయ గదిలో ఉన్నన్నాళ్లూ బాగానే కనిపిస్తుంది. బయటికి తీసిన రెండు మూడు రోజులకు తొక్క మీద నల్లటి మచ్చలు తేలతాయి. లోపల సరిగా పండదు, రుచి రాదు, కుళ్లు తొందరగా పడుతుంది. అప్పటికి బాడుగ కట్టేసి ఉంటారు. దానికి తోడు మిర్చి ఘాటు కాయకు పట్టుకుంటుంది.

ఇక చెట్టు మీద ఉంచడం. ముదిరిన కాయను వారం, మహా అయితే పది రోజులు ఆపవచ్చు. తోటంతా ఒకేసారి ముదరదు కాబట్టి ముందు ఏ కాయ ఆగుతుందో, ఏది ఆగదో తేల్చుకోండి. బకెట్ నీళ్లలో పది కాయలు వేయండి. మునిగినవి ముదిరినవి, తేలినవి ఇంకా లేత. తొడిమ దగ్గర భుజాలు పైకి ఉబ్బి, తొడిమ గుంటలో పడ్డట్టు కనిపిస్తే కోతకు వచ్చినట్టే. ఎండ తగిలే పైకొమ్మల కాయ ముందు ముదురుతుంది. దాన్ని ఇప్పుడు దించి, లోపలి కొమ్మల కాయను రెండో కోతకు వదలండి. ఒకే రోజు తోటంతా దులిపేస్తే ధర చెప్పే అధికారం పూర్తిగా కొనేవాడి చేతికి వెళ్లిపోతుంది.

ఆపిన కాయకు పెద్ద ముప్పు పండు ఈగ. పక్వానికి వస్తున్న కాయలోనే అది గుడ్లు పెడుతుంది. పైకి సూదిమొన అంత చుక్క, లోపల పురుగు. ఒక్క వాన పడితే దీని ఉధృతి ఇంకా పెరుగుతుంది. ఎకరానికి పది మిథైల్ యూజినాల్ ఎరలు కట్టండి. వీటికి మగ ఈగలే పడతాయి కనుక ఈ రోజు కట్టి రేపటికి ఫలితం రాలేదనుకోవద్దు. రాలిన కాయను ఏ రోజుకా రోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. ఎర కట్టి రాలుడు కాయ ఏరని తోటలో ఈగ తగ్గదు. కోత వారంలో ఉందనగా పురుగుమందు మాత్రం కొట్టకండి, మందు అవశేషం తినేవాళ్ల నోట్లోకి పోతుంది.

కోసేటప్పుడు చిక్కంతో, సెంటీమీటరు తొడిమ ఉంచి కోయండి. తొడిమ ఊడిన చోట కారే సొన తొక్కను కాలుస్తుంది. ఆ నల్ల చారలు పండాక ఇంకా బాగా కనిపిస్తాయి. కాయను నీడలో, తొడిమ కిందికి ఉండేట్టు రెండు గంటలు బోర్లించి సొన కారనివ్వండి. నేల మీద కాదు, గడ్డి మీదో జల్లెడ బల్ల మీదో. ఆ తర్వాతే ట్రేల్లో సర్దండి.

లారీ కోసం ఒక్క కమీషన్ వ్యాపారి మీదే ఆధారపడకండి. కేంద్రం 2020 ఏప్రిల్‌లో తెచ్చిన కిసాన్ రథ్ యాప్‌లో సరుకు, బయల్దేరే చోటు నమోదు చేస్తే వాహనాల వివరాలు వస్తాయి. ఇరుగుపొరుగు తోటలు కలిసి ఒక లారీకి సరిపడా కాయ చూపిస్తే బాడుగ తెగ్గొట్టడం తేలిక.

ప్రశ్న: పెనుమాకలో ఎకరం బెండ, అరెకరం దొండ పందిరి. తెల్లవారాక కోసి రైతుబజారుకు చేరేసరికి తొమ్మిది దాటుతోంది. పదకొండుకే జనం పలచబడుతున్నారు. సగం మిగిలిపోతోంది. ధర లేనప్పుడు కోయకుండా వదిలేస్తే కూలైనా మిగులుతుంది కదా?

జవాబు: వదిలేస్తే కూలి మిగులుతుంది, కాపు పోతుంది. బెండకాయ చెట్టు మీదే ముదిరితే లోపల గింజ తయారవుతుంది. గింజ పట్టడం మొదలైందంటే మొక్క బలమంతా దానికే పోతుంది. కొత్త పూత తగ్గుతుంది. కర్ఫ్యూ సడలి ధర వచ్చేనాటికి మీ చేలో కాయ ఉండదు. దొండలోనూ అంతే, పండిన కాయలు తీగ మీద వేలాడుతుంటే కొత్త పిందె నిలవదు. అందుకని ధర కూలికి చాలని రోజున కూడా బెండను రోజు విడిచి రోజు తుంచాల్సిందే. అమ్ముడుపోదని ఖాయమైతే వేలెడంత ఉన్నప్పుడే తుంచి పశువులకు వేయండి. లేత కాయ తుంచడానికి ముదురు కాయకు పట్టేంత సమయం పట్టదు.

వేళ మార్చుకోవడమే మీకు అసలు మందు. కోతను సాయంత్రం నాలుగున్నర తర్వాతకు జరపండి. ఎండలో కోసిన కాయ లోపలి వేడి రాత్రంతా వదలదు. కుప్ప పోస్తే ఆ వేడికే వాడుతుంది. కోసిన కాయను నీడన గోనెల మీద పలచగా పరిచి, తెల్లవారుజామున నాలుగింటికి ట్రేల్లోకి ఎత్తితే ఆరింటికల్లా బజారులో ఉంటారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దొండకాయ మీద చల్లినట్టే బెండ మీదా నీళ్లు చల్లుతారు. తడి బెండను సంచిలో కుక్కితే ఒరిపిడి తగిలిన చోటల్లా తెల్లారేసరికి నల్లబడుతుంది. దానికి పైన తడిగుడ్డ కప్పితే చాలు. తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరలు మాత్రం వేర్లతో పీకి, కట్టలు కట్టి, వేర్లు మునిగేంత నీళ్లలో నిలబెట్టండి. ఆకు తడవకూడదు.

ప్రశ్న: మిగిలిన కూరగాయలు రెండు మూడు రోజులు ఆపడానికి కరెంటు లేని పద్ధతి ఏదైనా ఉందా? (తాడికొండ, మంగళగిరి, కంకిపాడు నుంచి ముగ్గురు)

జవాబు: ఉంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన ఇటుక తొట్టి. చెట్టు నీడన, గాలి ఆడే చోట, నీళ్లకు దగ్గరగా కట్టాలి. నేల మీద ఒక వరస ఇటుక పరిచి, దాని మీద సుమారు 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు, 67.5 ఎత్తున రెండు గోడలు ఒకదాని లోపల ఒకటి లేపాలి. మధ్యలో 7.5 సెంటీమీటర్ల సందు, అంటే మూడంగుళాలు. ఆ సందులో జల్లించిన ఏటి ఇసుక నింపి తడపాలి. 400 ఇటుకలు పడతాయి. దాదాపు వంద కిలోల కూరగాయలు పడతాయి. మూత వెదురు చట్రానికి గోనెపట్టా కుట్టినది. పైన చిన్న పాక తప్పనిసరి.

ఇటుకను సిమెంటు పూసి మూసేయకండి. ఇటుక ఊరి, ఆ తేమ గాలికి ఆరితేనే లోపల చల్లబడుతుంది. చూడ్డానికి బాగుంటుందని బయట పూత పెట్టిస్తే అది వట్టి ఇసుక గోడే. ఇసుకను రోజూ పొద్దున, సాయంత్రం తడపండి. లోపల కూరగాయ మీద నీటి చుక్క పడకూడదు.

గాలి ఎంత పొడిగా ఉంటే తొట్టి అంత చల్లబడుతుంది. మే నెల పడమటి వడగాలిలో లోపలికీ బయటికీ తేడా చేతికే తెలుస్తుంది. ఆగస్టు ముసురులో పెద్దగా తేడా ఉండదు. ఉల్లి అందులో పెడితే మొలకెత్తి కుళ్లుతుంది. పండిన మామిడి, అరటి కూడా పెట్టవద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు దోస పసుపెక్కుతుంది, ఆకుకూర పండుబారుతుంది.

ప్రశ్న: విజయవాడలో అపార్ట్‌మెంట్లకు కూరగాయలు ఇస్తున్నాం. గేటు దగ్గర శానిటైజర్ చల్లితేగానీ లోపలికి రానివ్వడం లేదు. ఇది అవసరమా?

జవాబు: అవసరం లేదు, మంచిదీ కాదు. కోవిడ్ తిండి ద్వారా సోకినట్టు ఆధారాలు లేవు. మనిషి నుంచి మనిషికి గాలిలో అంటుకునేదానికి మాస్కు, ఎడం కావాలి. శానిటైజర్ చర్మం మీద వాడేందుకు తయారైంది, తినే వస్తువు మీద చల్లేది కాదు. కూరగాయలు శుభ్రం చేయదలిస్తే ఇలా చేయండి. వంద లీటర్ల డ్రమ్ములో 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 17 గ్రాములు కలిపితే 50 పీపీఎం (పది లక్షల వంతుల నీటికి 50 వంతుల క్లోరిన్) నీళ్లవుతాయి. ముందు మగ్గులో కలిపి, పైన తేరిన నీళ్లే పోయండి. మట్టి మొదట మామూలు నీళ్లతో కడిగేయాలి. బురద నీటిలో క్లోరిన్ నిమిషాల్లో చచ్చిపోతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ట్రేలు కడగడానికి అదే డ్రమ్ముకు 67 గ్రాములు. బెండను ఈ పనికి దూరంగా ఉంచండి.

ప్రశ్న: కొల్లిపర లంకలో కర్పూర అరటి. గెలలు నిండాయి, కొనేవాళ్లు లేరు.

జవాబు: కాయ పలకలు పూర్తిగా పోయి గుండ్రంగా నిండితే చెట్టు మీదే పగులుతుంది. అంతదాకా ఆపకండి. కొద్దిగా పలక ఉండగా కోసిన గెలలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. అత్తాలు విడదీసి, నీడలో, ఒక్క పండిన కాయ కూడా చుట్టుపక్కల లేకుండా ఉంచండి. ఒక్క పండు చాలు, మిగతావన్నీ పండటానికి. పొటాషియం పర్మాంగనేట్ చిక్కటి ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టిన ఇటుక ముక్కలు గుడ్డ సంచిలో కట్టి పక్కన పెడితే పండడం ఇంకొంచెం ఆలస్యమవుతుంది. సంచి కాయకు తగలకూడదు. చల్లటి గదులు దొరికితే 13, 14 డిగ్రీలు, అంతకు దిగువకు వెళ్తే తొక్క నల్లబడుతుంది.

ప్రశ్న: కార్బైడ్ లేకుండా మామిడి మాగబెట్టి నేరుగా ఇళ్లకు అమ్మాలని ఉంది. ఎలా?

జవాబు: కార్బైడ్ నిషిద్ధం, దాన్నుంచి వచ్చే వాయువులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ విషాలుంటాయి. యాభై, వంద కిలోలైతే వరిగడ్డే మేలు. గడ్డి, కాయ, గడ్డి ఇలా రెండు మూడు వరసలకు మించకుండా పేర్చి రోజూ చూస్తూ ఉంటే వారంలోపు పండుతాయి.

పెద్దమొత్తమైతే కాయను పండించే ఇథిలీన్ వాయువు. సుమారు 7 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 ఎత్తున్న, గాలి చొరని గదిలో మూడో వంతు జాగాలోనే ట్రేలు పెట్టండి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో 5 లీటర్ల నీళ్లు, ఇథిలీన్‌ను విడుదల చేసే 39 శాతం ఇథెఫాన్ మందు 10 మిల్లీలీటర్లు, చివర్లో 2 గ్రాముల కాస్టిక్ సోడా. వేసిన వెంటనే వాయువు విడుదలవుతుంది కనుక బయటికి వచ్చి తలుపు మూయాలి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. గదిలో అగ్గి ఏ రూపంలోనూ ఉండకూడదు. 24 గంటల తర్వాత తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. ఇథెఫాన్ నీళ్లలో కాయను ముంచడం చట్టం ఒప్పుకోదు, ఆ వాయువు మాత్రమే తగలాలి.

లేత కాయకు ఏ పద్ధతీ పనిచేయదు, తోలు ముడతలు పడుతుంది తప్ప తీపి రాదు. గది 30 డిగ్రీలు దాటితే గుజ్జు మెత్తబడినా తొక్క పచ్చగానే ఉండిపోతుంది. పండలేదనుకుని ఇంకో రోజు ఆపితే కాయ చేజారుతుంది. అందుకే రంగు చూడకండి, తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. ఇళ్లకు ఇచ్చేది పూర్తిగా పండినది కాకుండా, రెండు రోజుల్లో తినేట్టు ఉన్నది ఇవ్వండి. ఐదు కిలోల పెట్టెలో వంద గ్రాములు ఎక్కువ వేయండి, దారిలో ఆ మేరకు బరువు తగ్గుతుంది. ఆటో బాడుగ 900 అయితే 30 పెట్టెలకు పెట్టెకు 30 పడుతుంది, పది పెట్టెలకే వెళ్తే 90. ముందురోజు రాత్రి తొమ్మిదికల్లా ఆర్డర్లు తీసుకుని, ఒక వీధికి పాతిక పెట్టెలు కుదిరాకే బండి కదపండి.