ఒక్క పేజీ సైటు గూగుల్‌లో పైకొస్తాదా?

ఈసారి వెబ్‌సైట్ల ప్రశ్నలే ఎక్కువొచ్చినాయి. మొదటి ప్రశ్నకే సగం పైన చోటు పోయింది, మిగతావాళ్లు ఏమనుకోవద్దు, అందులో మీకు పనికొచ్చే ముక్కలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: అన్నా, మాది ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ, నాయన మొదలుపెట్టినాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. పోయిన సంక్రాంతికి 8 వేలు ఇచ్చి వెబ్‌సైట్ చేయించినాను, ఒక్కటే పేజీ, కిందికి జరుపుకుంటా పోతే అన్నీ అందులోనే ఉంటాయి. మా ఫ్యాక్టరీ పేరు కొడితే వస్తాది, కడప బండలు అని కొడితే మాత్రం ఎంత కిందికి పోయినా కనపడదు. ఇప్పుడు ఇంకొకాయన వచ్చి ఒక్క పేజీ సైట్లని గూగుల్ లెక్కలోకే తీసుకోదు, 25 పేజీలు చేయాల, 45 వేలు అయితాది అంటున్నాడు. సింగిల్ పేజీ సైట్ ర్యాంక్ అయితాదా లేదా ఒక్క మాటలో చెప్పు. అడ్రస్ కూడా పంపుతున్నా, తిట్టకుండా చూడు.

జవాబు: ఒక్క మాటలో అయితే, అవుతుంది. లెక్కలోకే తీసుకోదు అనేది ఒట్టి మాట తమ్ముడూ. గూగుల్ ర్యాంక్ ఇచ్చేది పేజీకి, సైట్‌లో ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టి మార్కులేసే పద్ధతి దానికి లేదు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కంపెనీ పెట్టిన నాటి నించి పని జరిగేది ముఖ్యంగా పేజీ లెక్కనే, పేజ్‌ర్యాంక్ అనే వాళ్ల పద్ధతికి ఆ పేరు లారీ పేజ్ ఇంటిపేరు మీద వచ్చింది గానీ తమాషాగా పనికి కూడా సరిపోయింది. ఒక్క పేజీ సైటే అయినా ఆ పేజీ ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకోని ఉంటే పైకి రావడానికి అడ్డమేమీ లేదు.

నీ ఇబ్బంది యాడుందంటే, ఆ ఒక్క పేజీ మీద నాలుగు పేజీల బరువు వేసినావు. మన బస్టాండ్ల కాడ కొన్ని అంగళ్లకి బోర్డు ఉంటుంది చూడు, జిరాక్స్, సెల్ రీచార్జ్, పాస్‌పోర్ట్ ఫోటోలు, పురుగుల మందులు, కూల్ వాటర్ అని, ఆ అంగడి దేనిదయ్యా అంటే అందులో కూర్చున్నాయన కూడా కొంచెం ఆలోచించి చెప్తాడు. పేజీకి ఒకటే టైటిల్, ఒకటే అడ్రస్. నీ మెనూలో ఫ్లోరింగ్, కిచెన్, కూసాలు అని నొక్కితే అడ్రస్ చివర హ్యాష్ గుర్తు వచ్చి దాని పక్కన ఒక పేరు వస్తా ఉంది కదా, హ్యాష్ తర్వాత ఉన్నదాన్ని గూగుల్ మామూలుగా వేరే పేజీ కింద లెక్కపెట్టదు. మనకి నాలుగు గదులు కనపడతాయి, దానికి ఒకటే హాలు.

పొడుగాటి పేజీలో ఎక్కడో మధ్యలో ఉన్న పేరాని కూడా పట్టుకునే పద్ధతి ఒకటి గూగుల్ 2020 అక్టోబర్‌లో చెప్పి, 2021 ఫిబ్రవరిలో అమెరికాలో ఇంగ్లీష్ వెతుకులాటలకి మొదలుపెట్టింది, ఒక్క పేజీ సైట్లు చేసేవాళ్లు దీన్ని చూపించి ఇంక భయం లేదు అంటా ఉంటారు. దాన్ని నమ్ముకోని కూర్చుంటే మాత్రం కష్టం, అదే విషయం మీద ఇంకొకడు ప్రత్యేకంగా మంచి పేజీ రాసిపెట్టుంటే నీ మధ్య పేరాకంటే వాడి పేజీకే అవకాశం ఎక్కువ.

సరే, నీ సైట్ తెరిచినా. తిట్టను. పేజీ టైటిల్‌లో ఏముందో తెలుసా, "హోమ్". అంతే. గూగుల్‌లో నీలం రంగులో పెద్దగా కనపడే లైన్‌కి మొదటి ఆధారం అదే, అక్కడ ఫ్యాక్టరీ పేరు లేదు, రాయి పేరు లేదు, ఎర్రగుంట్ల లేదు, కడప లేదు. దాని కింద రేట్లు, సైజులు, మందాలు అన్నీ ఉన్న బ్రోచర్‌ని యథాతథంగా ఒక పెద్ద బొమ్మగా అతికించినారు. బొమ్మ లోపలి అక్షరాలని పేజీలో రాసిన అక్షరాల మాదిరి గూగుల్ లెక్కలోకి తీసుకుంటుందని అనుకోవద్దు, కస్టమర్ కూడా అందులోని ఫోన్ నంబర్ మీద నొక్కితే కాల్ పోదు.

నన్ను బాగా ఆపింది తెలుగులో రాసిన రెండు పేరాలు. కంటికి ముత్యాల్లాగా ఉన్నాయి. ఎందుకో అనుమానం వచ్చి కాపీ చేసి ఫోన్ నోట్స్‌లో అతికించి చూస్తే ఇంగ్లీష్ అక్షరాలు, స్టార్లు, బ్రాకెట్లు కలిసి ఎలుకలు కొరికినట్టు వచ్చింది. అది అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ అంగళ్లలో నడిచేది ఎక్కువగా అదే, ప్రింటుకి బ్రహ్మాండంగా ఉంటుంది, వెబ్‌సైట్‌కి పనికిరాదు, ఎందుకంటే లోపల ఉండేది తెలుగు అక్షరం కానే కాదు, ఇంగ్లీష్ అక్షరానికి తెలుగు చొక్కా తొడిగినారు. చొక్కా విప్పితే గూగుల్‌కి కనపడేది ఆ ఎలుకలు కొరికినదే. నీ సైట్‌లో తెలుగు ఉంది అని నువ్వు అనుకుంటున్నావు, దాని లెక్కలో ఒక్క తెలుగు మాట కూడా లేదు. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించు, ఫోన్‌లో వాట్సాప్‌కి మనం రోజూ కొట్టేది యూనికోడే, మార్చిపెట్టే కన్వర్టర్లు కూడా ఉన్నాయి, వాటితో చేస్తే మాత్రం వత్తులు ఒకసారి కూర్చోని చదువుకో, ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తాయి.

ఇంకొకటి, ఇది మీ రాయికే ఉన్న తిరకాసు. మన కడప పేరుకి ఇంగ్లీష్ స్పెల్లింగ్ 2005లో మారింది, "సీ"తో మొదలయ్యే పాత బ్రిటిష్ వాళ్ల స్పెల్లింగ్ (Cuddapah) పోయి "కే"తో మొదలయ్యేది (Kadapa) వచ్చింది, మనం బోర్డులన్నీ మార్చేసుకున్నాం. రాయి మాత్రం మారలేదు. బయటి ఊళ్లల్లో బిల్డర్లు, ఆర్కిటెక్టులు ఇప్పటికీ ఆ నల్లరాయిని పాత స్పెల్లింగ్‌తోనే రాస్తారు, గూగుల్‌లో కొట్టేదీ అదే. నీ పేజీ అంతా వెతికినా ఆ పాత స్పెల్లింగ్ ఒక్కచోట కూడా లేదు. రెండూ ఒకటేనని గూగుల్ పట్టుకోవచ్చు గానీ, దాన్ని అంత ఆలోచింపజేయడం ఎందుకు, రెండూ రాసెయ్.

క్వారీ ఫోటోలు బాగున్నాయి, కానీ ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కించినారు, మా ఇంట్లో వైఫై మీదే మొదటి ఫోటో పై నుంచి కిందికి కర్టెన్ దించినట్టు నిదానంగా దిగింది. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్ల లోపల కనపడాలి అనేది గూగుల్ పెట్టిన కొలత. సైట్‌ని ముందు ఫోన్‌లో ఎట్లుంటుందో చూసి లెక్కలోకి తీసుకునే పద్ధతికి అది మారడం కూడా 2023 అక్టోబర్‌కి పూర్తయిపోయింది, కాబట్టి ఆఫీస్ కంప్యూటర్‌లో చూసి బాగుంది అనుకుంటే కాదు. ఫోటోల సైజు తగ్గించు, ప్రతి ఫోటోకి ఆల్ట్ అని ఒక వివరణ లైన్ ఉంటుంది, అందులో అది ఏ రాయో, ఏ పాలిషో రాయి.

ఇప్పుడు ఎన్ని పేజీలు? నీకు వచ్చే ఫోన్లు గుర్తు తెచ్చుకో. ఇల్లు కట్టుకునేవాడు ఫ్లోరింగ్‌కి అడుగు ఎంత, పాలిష్ ఒక సైడా రెండు సైడ్లా, నీళ్లు పడితే జారుతుందా అని అడుగుతాడు. ఇంకొకడు వంటింట్లో అరలకి నల్లరాయి ఎంత మందం కావాల, అంచు రౌండ్ చేసిస్తారా అంటాడు. చీనీ తోట రైతుకి ఇవేవీ పట్టవు, కంచెకి కూసాలు ఎంత పొడుగువి ఉన్నాయి, లారీకి ఎన్ని పడతాయి, దించే కూలి ఎవరిది అంటాడు. ముగ్గురూ వేరే మనుషులు, వేరే మాటలు కొట్టి వెతుకుతారు, కాబట్టి మూడు పేజీలు, వాటికి ముందు ఒక హోమ్ పేజీ, లోడింగ్, రవాణా గురించి చెప్పుకోవడానికి నిజంగా విషయం ఉంటే ఇంకొకటి. నాలుగైదు. హోమ్ పేజీ నుంచి వాటికి, వాటి నుంచి మళ్లీ హోమ్‌కి మామూలు లింకులు ఉండాల. ఒక్క ఫ్లోరింగ్ బండలే నీ వ్యాపారం అయ్యుంటే ఇప్పుడున్న ఒక్క పేజీనే సరిచేసుకో చాలు అనేవాణ్ణి.

25 అన్నాయనని ముందు ఆ పేజీల లిస్ట్ రాసియ్యమను. నాకున్న అనుమానం ప్రకారం ప్రొద్దుటూరులో కడప బండలు, నంద్యాలలో కడప బండలు, హిందూపురంలో కడప బండలు అని ఊరి పేరు మాత్రం మార్చి అదే మ్యాటర్ వరసగా వస్తాది. అట్లాంటివాటిని డోర్‌వే పేజీలు అంటారు, గూగుల్ స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ వద్దని రాసి ఉంది. 45 వేలు ఇచ్చి ఉన్న ఫ్యాక్టరీ పేరు కూడా రాకుండా చేసుకున్నట్టు అయితాది.

ప్రశ్న: కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను, ఇద్దరు ఆడపిల్లలు పనికి వస్తారు. ఒక్క పేజీ వెబ్‌సైట్ అయినా చేయించుకోమని మా ఆడబిడ్డ అంటోంది. చేయించుకుంటే కస్టమర్లు వస్తారా సార్?

జవాబు: అమ్మా, మీకు ముందు కావాల్సింది గూగుల్ మ్యాప్‌లో పేరు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, పైసా ఖర్చు లేదు. కడపలో ఉన్నామె దగ్గర్లో మగ్గం వర్క్ అని వెతికితే ముందొచ్చే మ్యాప్ లిస్ట్‌లో గూగుల్ ముఖ్యంగా మూడు చూస్తుంది, వెతికిన మాటకి మీ పనికి పొంతన ఉందా, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి. ఇంట్లో చేస్తారు కాబట్టి, కస్టమర్లు ఇంటికి రావడం ఇష్టం లేకపోతే అడ్రస్ కనపడకుండా ఏరియా మాత్రం చూపించే వీలుంది. పేరు దగ్గర మీ బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి, పక్కన బెస్ట్ మగ్గం వర్క్ కడప అని తోకలు తగిలించొద్దు, అది వాళ్ల నియమాలకి విరుద్ధం. బ్లౌజ్ ఇచ్చేటప్పుడే కస్టమర్‌ని రివ్యూ రాయమని నోరు తెరిచి అడగండి, దానికి డిస్కౌంట్ ఆశ పెట్టడం మాత్రం కుదరదు.

ఇదంతా అయినాక ఒక్క పేజీ సైట్ పెట్టుకుంటే మీకు బాగానే సరిపోతుంది, ఒకటే పని, ఒకటే ఊరు. డిజైన్ ఫోటోలు, రేటు ఎంత నుంచి మొదలు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ముహూర్తాల సీజన్‌లో ఎంత ముందు ఇవ్వాల, ఇవి అక్షరాల్లో రాయించండి.

ప్రశ్న: ప్రొద్దుటూరు, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. రియాక్ట్‌లో (జావాస్క్రిప్ట్‌తో సైట్లు కట్టే సామాను) మా మామ బంగారు అంగడికి సింగిల్ పేజ్ యాప్ చేసినా. పేజీ సోర్స్ కోడ్ చూస్తే ఖాళీ డివ్ (లోపల ఏమీ లేని డబ్బా) ఒకటే ఉంది, ఇది కూడా ఒక్క పేజీ సైటే కదా, గూగుల్ చదవగలదా?

జవాబు: పేరు ఒకటే గానీ రెండూ వేరే. పైన చెప్పింది నిజంగానే ఒక్క పేజీ, నీది ఎన్నో పేజీలు ఒక్క పేజీలో నటించేది. చదవగలదు, గూగుల్‌బాట్, అంటే సైట్లని చదివే గూగుల్ ప్రోగ్రాం, 2019 నుంచి కొత్త క్రోమియంతోనే (క్రోమ్ బ్రౌజర్‌కి మూలం) పేజీని నడిపి చూస్తుంది, కాకపోతే ఆ నడపడం వేరే క్యూలో జరుగుతుంది కాబట్టి వెంటనే అవుతుందని అనుకోవద్దు. పేజీల అడ్రస్‌లు హ్యాష్‌తో పెట్టుంటే తీసేసి హిస్టరీ ఏపీఐకి (హ్యాష్ లేకుండా అడ్రస్ మార్చే బ్రౌజర్ పద్ధతి) మార్చు, గాజుల పేజీకి, హారాల పేజీకి వేరే అడ్రస్, వేరే టైటిల్ ఉండాల. వీలైతే సర్వర్ దగ్గరే హెచ్‌టీఎంఎల్ తయారయ్యేటట్టు చెయ్, ఖాళీ డివ్ గొడవే ఉండదు. మామ దగ్గర డబ్బులు తీసుకున్నావో లేదో రాయలేదు.

ప్రశ్న: అనంతపురంలో డ్రిప్ పైపుల అంగడి. నేను కొడితే మా సైట్ మొదటే వస్తాది, బెంగళూరులో ఉన్న మా బామ్మర్ది కొడితే రాదంట. ఎవురిది నిజం?

జవాబు: ఇద్దరిదీ. వెతికే మనిషి యాడున్నాడు అనేదాన్ని బట్టి గూగుల్ జవాబు మారుతుంది, పైగా మీరు మీ సైట్‌ని రోజూ తెరుస్తా ఉంటారు కాబట్టి మీ ఫోన్‌లో చూసుకున్న నంబర్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌దే ఉచితంగా ఉంది, సైట్ మీదేనని నిరూపించుకుంటే, చేరిన నాటి నుంచి, జనం ఏ మాటలు కొడితే మీరు కనపడ్డారు, ఎన్నిసార్లు నొక్కినారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నారు అని 16 నెలల లెక్క దాకా దాచిపెడుతుంది. అందులో జనం డ్రిప్ అనే మాటతో ఎన్నిసార్లు, సబ్సిడీ అనే మాటతో ఎన్నిసార్లు నొక్కినారో చూసుకోండి, బామ్మర్దిని ఇంక వదిలేయండి.